గీత దగ్గర మావయ్య

మా మావయ్య చేసిన సాయానికి నేను ఈ సీజన్‌లో రెండు రేసుల్లోంచి బయటికి పోయాను.

మొదటిదాంట్లో సైకిలు టైరు పంక్చరైంది. ట్రయథ్లాన్‌లో ఈతా, సైకిలూ, పరుగూ ఎవరికి వాళ్ళే పూర్తి చెయ్యాలి. టైరు పోయినా ఎవరిది వాళ్ళే బాగుచేసుకోవాలి. బయటివాళ్ళు చెయ్యి వేస్తే రేసులోంచి తీసేస్తారు. నేను రోడ్డు పక్కన కూర్చుని టైరుతో కుస్తీ పడుతుంటే మావయ్య మోపెడ్ మీద ఊడిపడ్డారు. "జరుగమ్మాయ్" అని నా చేతిలో పంపు లాక్కుని గాలి కొట్టేశారు. సరిగ్గా అప్పుడే చీఫ్ రిఫరీ మోటారుసైకిలు వచ్చి ఆగింది.

"నేను వద్దన్నానండీ" అన్నాను.

"విన్నాను. కానీ గాలి టైరులోనే ఉంది కదమ్మా" అంది ఆవిడ, నా నంబరు రాసుకుంటూ.

రెండోసారి పరుగులో. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, కాళ్ళకి చెప్పులు, చేతిలో నీళ్ళ సీసా, నా పక్కనే పరుగు.

"తాగు. మొహం ఎలా పీక్కుపోయిందో చూడు!"

"వెళ్ళిపోండి మావయ్యా, మీ కాళ్ళకి దణ్ణం పెడతా!"

"తాగితే వెళ్తా."

రిఫరీ రెండుసార్లు హెచ్చరించింది. మూడోసారి నన్ను ఆపేసింది. మావయ్య ఆవిడతోనే తగువు పెట్టుకున్నారు. "దాహమేసినవాళ్ళకి నీళ్ళిస్తే పుణ్యమంటారు. మీ ఊళ్ళో నేరమా?"

ఆవిడదీ మా ఊరే.

మావయ్య సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఈ ఊళ్ళో ఆయనకి తెలియని సందు లేదు. అందుకే రోడ్డు ఎక్కడ మూసేసినా ఆయన మోపెడ్ ఎక్కడో ఒకచోట తేలుతుంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మా మావయ్య అడక్కుండా పెట్టడమే కాదు, వద్దన్నా నోట్లో కుక్కుతారు.

ఇక మిగిలింది సీజన్‌లో ఆఖరి రేసు. మా క్లబ్బు నుంచి ఫైనల్స్‌కి ఒక్క ఆడమనిషినే పంపుతారు. ఆ చోటు కోసం నేనూ, లాయరమ్మా పోటీ. నేను కళ్ళద్దాల షాపు నడుపుతాను, ఆవిడ విడాకుల కేసులు నడుపుతుంది. ఇద్దరం ఇంచుమించు ఒకే వేగం. ఈ రేసులో ఎవరు ముందొస్తే వాళ్ళే ఫైనల్స్‌కి. నాలుగేళ్ళుగా షాపు తెరవకముందు ఈత, మూసేశాక పరుగు. ఆ చోటు నాకు కావాలి. అది దక్కాలంటే ముందు మావయ్యని ఆపాలి.

"మీ నాన్నకి మీరే చెప్పండి" అన్నాను మా ఆయనతో.

"నేను చెప్తే పంతానికి ఇంకో రెండు సీసాలు పట్టుకొస్తాడు. నువ్వు చెప్పు" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

నేనే చెప్పాను. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "మావయ్యా, ఈసారి సాయం వద్దు. ఏ సాయమూ వద్దు."

"సరేలే. ఇంట్లో కూర్చుని గోడలు చూసుకుంటా" అన్నారు. ఆయన గోడలు చూసుకునే రకం కాదని నాకు తెలుసు.

దీనికి ఉపాయం చెప్పింది మా క్లబ్బు కెప్టెన్ పళ్ళ డాక్టరు. నోట్లో పరికరాలు పెట్టి ప్రశ్నలడిగే అలవాటున్న మనిషి, జవాబు కోసం ఆగడు. "డ్యూటీకి మనుషులు తక్కువయ్యారు. మీ మామగారికి ఒక జాకెట్టూ, విజిలూ ఇచ్చి గీత దగ్గర నిలబెడదాం. డ్యూటీలో ఉంటే కదల్లేడు కదా?"

ఈత అయ్యాక మేము సైకిళ్ళ స్టాండులోకి పరిగెడతాం. సైకిలు తీసుకుని నడిపించుకుంటూ బయటికొస్తే రోడ్డుకి అడ్డంగా ఎర్ర గీత ఉంటుంది. ఆ గీత దాటాకే ఎక్కాలి. దాటకుండా ఎక్కితే గీత దగ్గరున్నవాళ్ళు విజిలేసి నంబరు పంపిస్తారు. విజిలు పడ్డవాళ్ళు తర్వాత పరుగులో ఒక గుడారం దగ్గర ముప్ఫై సెకన్లు నిలబడాలి. ఆ విజిలెయ్యడమే మావయ్య పని.

"కోడలు పరిగెడుతుంటే మామగారిని గీత దగ్గర పెడతారా? కంచే చేను మేస్తే?" అంది లాయరమ్మ.

"కంచె కదలకుండా ఉంటే చాలు తల్లీ" అన్నాను నేను.

జాకెట్టు ఇంటికి తెచ్చిన రోజు మావయ్య దాన్ని ఇస్త్రీ చేసుకున్నారు. ప్లాస్టిక్ జాకెట్టు. కాలర్ దగ్గర కొంచెం కరిగింది కూడా. రిటైరయ్యాక ఆయన మొహంలో ఆ కళ చూడటం అదే మొదటిసారి. నాకూ నిశ్చింతగా అనిపించింది.

ఆదివారం పొద్దున నీళ్ళలోంచి లాయరమ్మ వెనకే బయటపడ్డాను. సైకిలు తీసుకుని ఆవిడకి రెండడుగుల దూరంలో గీత వైపు పరుగు తీశాను. మావయ్య గీత పక్కన నిటారుగా నిలబడి ఉన్నారు. నన్ను చూసి కనీసం నవ్వలేదు. అబ్బ, పథకం పారింది అనుకున్నాను.

లాయరమ్మ కాలు గీత దాటింది. అవతల నేల మీద ఆనింది. ఆవిడ సైకిలెక్కింది.

విజిల్!

"ఏంటి? దాటాగా!" అని అరుస్తూనే ఆవిడ వెళ్ళిపోయింది.

తర్వాత నేను. కాలు గీతకి బాగా అవతల వేసి మరీ ఎక్కాను.

విజిల్!

"మావయ్యా!"

"మీ నంబరు చెప్పండి."

'మీరు' అట! పెళ్ళయి పదిహేనేళ్ళయింది, ఎప్పుడూ 'అమ్మాయ్' తప్ప ఇంకో మాటతో పిలవలేదు.

"నా కాలు దాటిందిగా!"

"వెనక చక్రం దాటలేదు. డ్యూటీలో బంధుత్వాలుండవు. కదలండి, వెనకాల బండ్లు ఆగిపోతున్నాయి."

అక్కడ ఆగి వాదించే వీల్లేదు. పళ్ళు నూరుకుంటూ తొక్కాను. నా వెనక విజిళ్ళు వినిపిస్తూనే ఉన్నాయి. ఒకటి, ఇంకొకటి, మరొకటి. పెళ్ళి ఊరేగింపు వెళ్తున్నట్టుంది. మధ్యలో పళ్ళ డాక్టరు గొంతు కూడా వినిపించింది. "పెద్దాయనా, నేనయ్యా మీకు ఉద్యోగమిచ్చింది!"

సైకిలు మీద ఆ కోపమంతా కాళ్ళలోకి దిగింది. ఎదురుగాలి రోడ్డులో లాయరమ్మని దాటేశాను. సైకిలు స్టాండులో పెట్టి, బూట్లేసుకుని పరుగు మొదలెట్టేసరికి ఆవిడ నాకు కొంచెం వెనకే ఉంది. పరుగులో నాదే పైచేయి. ఇద్దరికీ అదే శిక్ష కాబట్టి తేడా ఉండదు. గెలుస్తాను అనుకున్నాను.

గుడారం దగ్గరికి వెళ్ళి చూస్తే నా తల తిరిగిపోయింది. ఇద్దరో ముగ్గురో నిలబడే గుడారం అది. దాంట్లో పదిమంది ఒకరి మీద ఒకరు కారుతూ నిలబడ్డారు. బోర్డు మీద నంబర్లకి చోటు చాలక చివర్లో నిలువుగా రాశారు. నేను లోపలికి దూరాను. గడియారం మొదలైంది. వెంటనే లాయరమ్మ వచ్చింది.

"మీ మామగారిని కోర్టుకీడుస్తా!"

"ఈడ్చండి. నేనే సాక్ష్యం చెప్తా!"

ఇంతలో చీఫ్ రిఫరీ మోటారుసైకిలు దిగి వచ్చింది. "ఇక్కడేంటి, బస్టాండా? ఇంతమంది ఎలా తప్పు చేస్తారు?"

"తప్పు మేము చెయ్యలేదండీ!" అని నేను అరిచేశాను. "ఆయన చక్రం చూస్తున్నారు! చూడాల్సింది కాలు! జీవితమంతా బస్సు నడిపిన మనిషి, గీత కనిపిస్తే ఆయన కళ్ళు చక్రం మీదికే పోతాయి. ఈవిడ కాలు గీతకి అవతల ఆనింది. నేను వెనకే ఉన్నా, నా కళ్ళతో చూశా!"

"కచ్చితంగా చూశారా?"

"కళ్ళద్దాలమ్ముకునేదాన్నండీ, చూపు సంగతి నన్నడగాలా?"

"అయితే ఈవిడకి శిక్ష లేదు. మీరు వెళ్ళండి" అంది రిఫరీ లాయరమ్మతో.

లాయరమ్మ వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తింది. థాంక్స్ కూడా లేదు. అప్పుడు అర్థమైంది నేనేం చేశానో.

"మరి నాది?"

"ఆవిడ కాలు మీరు చూశారు. మీ కాలు ఎవరు చూశారు?"

"మా మావయ్య."

"ఆయన తప్పన్నారు కదా! మీకు మీరే సాక్ష్యం చెప్పుకుంటే కుదరదు. ముందు పూర్తిగా నిలబడండి. ఆయన చూడలేదని ఆయనే ఒప్పుకుంటే ఈ ముప్ఫై సెకన్లూ మీ లెక్కలోంచి తీసేస్తాను."

నిలబడ్డాను. నా జీవితంలో అంత పొడుగైన అర నిమిషం లేదు. బయటపడి పిచ్చిదానిలా పరిగెత్తాను. దారిలో ఎవరూ నీళ్ళివ్వలేదు, ఎవరూ 'మొహం పీక్కుపోయింది' అనలేదు. చివరి మలుపులో లాయరమ్మ వీపు కనిపించింది గానీ చేతికందలేదు. ఆవిడ నాకంటే ఇరవై సెకన్ల ముందు ముగింపు గీత దాటింది.

అంటే ఆ ముప్ఫై నాకు తిరిగొస్తే, పది సెకన్ల తేడాతో నేనే ముందు. ఊపిరి ఇంకా అందకుండానే మావయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన ఇంకా గీత దగ్గరే ఉన్నారు. ఆఖరి సైకిలు వెళ్ళిపోయి ఎంతసేపైందో!

"మావయ్యా, నా కాలు గీత దాటిందా లేదా మీరు చూశారా?"

"చక్రం చూశా."

"చూడాల్సింది కాలు. ఆ మాట వచ్చి రిఫరీతో చెప్పండి. నాకు చోటు దక్కుతుంది."

ఆయన జాకెట్టు సర్దుకున్నారు. "ముప్ఫై ఏళ్ళు గీత వెనక బస్సాపాను. ఒక్క కేసు లేదు. ఇవాళ నేను తప్పు చేశానని చెప్పమంటావా, అదీ నీకోసం?"

"అవును, నాకోసమే!"

"సాయం వద్దన్నావుగా. ఏ సాయమూ వద్దన్నావు."

దేవుడా! ఏడాదంతా అడక్కుండా సాయం చేసి నా కొంప ముంచిన మనిషి, అడిగేసరికి నా మాటే నాకు అప్పజెప్పారు. రోడ్డు మీద కూలబడి ఏడుద్దామనిపించింది. అరిచి లాభం లేదు. ఈయనతో అరిచి గెలిచినవాళ్ళు లేరు. మా అత్తయ్య కూడా గెలవలేదు.

"సరే. నా సంగతి వదిలేయండి. ఒకటి చెప్పండి. బస్సు స్టాపు దాటిందో లేదో దేన్ని బట్టి చూస్తారు?"

"చక్రాన్ని బట్టి."

"ప్రయాణికుడు ఎక్కాడో లేదో?"

ఆయన విజిల్ తాడు వేలికి చుట్టుకున్నారు.

"చెప్పండి. ముసలావిడ ఒకామె ఒక కాలు మెట్టు మీద పెట్టింది, రెండో కాలు ఇంకా నేల మీదే ఉంది. బండి కదుపుతారా?"

"కదిపినవాడు డ్రైవరేనా? కండక్టరు అప్పుడు బెల్లు కొడితే దిగొచ్చి చెవి మెలేస్తా."

"అంటే ఎక్కడానికి లెక్క కాలా, చక్రమా?"

ఆయన గీతకేసి చూశారు. తర్వాత వంగి, బూటుతో గీత మీద ఒక అడుగు వేసి, తీసి, అవతల వేశారు. మెడలోంచి విజిల్ తీసి జేబులో వేసుకున్నారు. రిఫరీ బల్ల వైపు నడిచారు. నేను వెనకే పరిగెత్తినంత పని చేశాను.

బల్ల చుట్టూ శిక్ష పడినవాళ్ళందరూ ఉన్నారు. పళ్ళ డాక్టరు చేతులు తిప్పుతూ అరుస్తున్నాడు. మావయ్యని చూడగానే అందరూ ఆయన మీద పడబోయారు.

"ఆగండి" అన్నారాయన, స్టాపులో తోసుకునే జనాన్ని అదిలించినట్టు. రిఫరీ వైపు తిరిగారు. "అమ్మా, నేను ఒక్కళ్ళ కాలూ చూడలేదు. అందరివీ చక్రాలే చూశా. తప్పు నాది. నా కోడలిదొక్కటే కాదు, అన్నీ కొట్టేయండి."

చెప్పాక జాకెట్టు విప్పి, మడిచి, బల్ల మీద పెట్టారు. ఆ క్షణం నాకు ఆయన్ని చూస్తే జాలేసింది. అది నిలవదని నాకు తెలియదు.

రిఫరీ కంప్యూటరు ముందు కూర్చుని సెకన్లన్నీ తీసేసింది. కొత్త వరస వచ్చింది. క్లబ్బు ఆడవాళ్ళలో నేను మొదట, పది సెకన్ల తేడాతో లాయరమ్మ రెండు. నేను ఆ తెర మీద నా నంబరు మూడుసార్లు చూసుకున్నాను.

లాయరమ్మ వచ్చి చెయ్యి కలిపింది. "గుడారంలో నోరు మూసుకుని ఉంటే ఈ గొడవే లేకుండా గెలిచేదానివి. ఇంత తెలివితక్కువ సాక్షిని నా సర్వీసులో చూడలేదు." వెళ్ళబోతూ, "థాంక్స్" అంది, ఫీజు తిరిగిచ్చేస్తున్నంత బాధతో.

నేను మావయ్య పక్కన కుర్చీ లాక్కుని కూలబడ్డాను.

"చూడాల్సింది కాలు అని ముందే చెప్పుండచ్చుగా" అన్నారాయన, కొంచెం నిష్ఠూరంగా.

"పొద్దున మీటింగులో రిఫరీ మూడుసార్లు చెప్పింది మావయ్యా! గీత దగ్గరుండేవాళ్ళందరినీ నిలబెట్టి మరీ చెప్పింది!"

"ఆ టైములో నేను లేనుగా."

"ఎక్కడికెళ్ళారు?"

"సైకిళ్ళ స్టాండులోకి. జాకెట్టుంది కదా, ఎవరూ ఆపలేదు. నీ వెనక టైరు మెత్తగా ఉన్నట్టనిపించి పంపుతో రెండుసార్లు గాలి..."

నేను ఒక్క గెంతులో ఆయన నోరు మూసేశాను. చీఫ్ రిఫరీ రెండు కుర్చీల అవతల ఉంది. తలెత్తి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏమంటున్నారు మీ మావయ్య?"

"ఆకలేస్తోందట" అన్నాను, ఆయన్ని జబ్బ పట్టుకుని లేపుతూ. "పదండి మావయ్యా. ఇంటికెళ్ళేదాకా ఒక్క మాట మాట్లాడితే నేను బస్సెక్కి వెళ్ళిపోతాను."

"ఏ బస్సు? ఆదివారం ఇటు బస్సులు రావు" అన్నారు నా వేళ్ళ సందుల్లోంచి.