బొంగరం చెవులు

ఆ పిల్లకు అసలు పేరంటూ ఒకటుంది. కానీ కాలు ఒకచోట నిలవని పిల్లను బొంగరం అని కాక ఇంకేమని పిలుస్తారు? ఐదేళ్లు నిండాయి, ముద్ద నోట్లో పెట్టించుకుని గదంతా ఒక చుట్టు చుట్టి వస్తే గానీ మింగదు. అలాంటి పిల్ల ఒకరోజు పొద్దున్నే లేచి, నాకు ఎర్రరాళ్ల కమ్మలు కావాలి, చెవులు కుట్టించండి అని పట్టుపట్టింది. తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆమె భయమంతా తన ఎడమ చెవిలోనే ఉంది. తను కూడా బొంగరమంత ఉన్నప్పుడు, "అదిగో చూడవే, చిలక!" అని మాయ చేసి పక్కనుంచి సూది దించారు. చిలకా లేదు, గిలకా లేదు. తను ఉలిక్కిపడి తల విదిలించింది, చెవి తమ్మె చీలింది. గాయం అతుక్కుంది గానీ మచ్చ ముడిపడి మిగిలిపోయింది. ఆ తర్వాత ఆ చెవికే కాదు, రెండో చెవికి కూడా ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. విడ్డూరం ఏమిటంటే, ఆమె నడిపేది పిల్లలకు జుట్టు కత్తిరించే సెలూన్. వీధిలో పిల్లలందరి చెవుల మీదా జుట్టు తీసేసే మనిషి, తన చెవి మీద మాత్రం జుట్టు కప్పుకుని తిరుగుతుంది.

ఇప్పుడు తన కూతురు కూడా అలా తల విదిలిస్తే? ఆ ఒక్క ఆలోచన ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు.

చివరికి పిల్ల పంతమే నెగ్గింది. కంసాలి దుకాణానికి బయల్దేరే ముందు పిల్ల తండ్రి చల్లగా జారుకున్నాడు. "కళ్లు తిరిగి నేను పడితే, పిల్లను పట్టుకుంటారా, నన్ను పట్టుకుంటారా?" అన్నాడు పోతూ పోతూ. ఇక మిగిలింది అమ్మమ్మ. దుకాణంలో పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, రెండు చేతులా తల బిగించి పట్టుకుంది. కంసాలి తాత తమ్మెల మీద సిరా చుక్కలు పెట్టి, సూది తీశాడు.

"అదిగో చూడవే, చిలక!" అంది అమ్మమ్మ.

తల్లి చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ చెవి మీదికి పోయింది. బొంగరమేమో చిలక ఎక్కడా, ఏ రంగు చిలకా అంటూ ఒళ్లోనే గిర్రున తిరిగింది. తిరిగిన దానికి చిలక కాదు, సూది కనపడింది. అంతే, వీధి ఏకమయ్యేలా ఒక కేక పెట్టి, బల్ల కిందికి దూరిపోయింది.

"ఇట్లా కదిలితే నావల్ల కాదమ్మా, చీలిపోతుంది," అన్నాడు కంసాలి తాత.

"వద్దు బాబాయ్, సూది లోపల పెట్టెయ్యండి," అంది తల్లి.

దారి పొడుగునా అమ్మమ్మ సణుగుతూనే ఉంది. ఇంకో ఇద్దరు గట్టిగా పట్టుకుంటే అయిపోయేదట. పట్టుకునే కొద్దీ పిల్ల గింజుకుంటుందని తల్లికి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

ఆ మధ్యాహ్నం సెలూన్లో గిరాకీ లేదు. తల్లి దువ్వెనలు కడుగుతోంది. వెనకాల టక్ టక్ మని చప్పుడైంది. తిరిగి చూస్తే, బొంగరం తన బొమ్మను కుర్చీ చేతుల మీద పిల్లల కోసం అడ్డంగా వేసిన చెక్క పలకపై కూర్చోబెట్టి, మెడకు గుడ్డ కట్టి, పలక మీద తడుతోంది.

"చెవి మడుస్తున్నా. కత్తెర చల్లగా తగులుతుంది. గుడ్డ దులిపేదాకా తల కదపకూడదు, తెలిసిందా?"

అది ఆ సెలూన్ పద్ధతి. ఏం చెయ్యబోతుందో ముందు చెప్పకుండా తల్లి ఏ పిల్ల తలా ముట్టుకోదు. చెప్పి చేస్తే ఎంత గడుగ్గాయి అయినా కదలదని ఆమె నమ్మకం. బొంగరం కూడా అంతే. నేల మీద ఉన్నంతసేపే బొంగరం, పలక ఎక్కితే బొమ్మ.

తల్లి చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. ఇంతసేపూ ఈ సంగతి తనకు తట్టనందుకు తనను తానే తిట్టుకుని, కంసాలికి ఫోన్ చేసింది.

సాయంత్రం ఆయన సూదుల పెట్టె చంకన పెట్టుకుని సెలూన్‌కి వచ్చాడు. బొంగరం పెట్టె వంకా, తల్లి వంకా మార్చి మార్చి చూసింది.

"నొప్పి పుడుతుందా అమ్మా?"

"పుడుతుంది. కాసేపు మండుతుంది. తర్వాత తగ్గిపోతుంది."

"పసిపిల్లకి అట్లా చెప్తారటే ఎవరైనా!" అంది అమ్మమ్మ.

బొంగరం ఆలోచించింది. "సూది వచ్చే ముందు చెప్తావా?"

"చెప్పకుండా ఎప్పుడైనా కత్తెర పెట్టానా?"

పిల్ల తనంతట తనే పలక ఎక్కింది. తల్లి గుడ్డ కట్టి పలక మీద టక్ టక్ మని తట్టింది. ఎవరూ తల పట్టుకోలేదు.

"తాత చెవి పట్టుకుంటున్నారు. ఇప్పుడు చల్లగా స్పిరిట్. ఇప్పుడు సూది."

బొంగరం కళ్లలో నీళ్లు గిర్రున తిరిగి బుగ్గల మీదికి జారాయి. తల మాత్రం వెంట్రుక వాసి కదల్లేదు. రెండో చెవికీ అంతే. తల్లి చెప్పాల్సినవన్నీ చెప్పింది. రెండు చెవుల్లోనూ ఎర్రరాళ్లు కూర్చున్నాయి.

"అయిపోయిందే, తల్లీ," అంది.

పిల్ల కదల్లేదు, పెదవి మాత్రం వణుకుతోంది. "గుడ్డ దులపలేదుగా," అంది.

తల్లి గుడ్డ విప్పి దులిపింది. అప్పుడు లంకించుకుంది చూడండి రాగం! పొద్దుటి కేక దాని ముందు ఎందుకూ పనికిరాదు. అంత ఏడుపు వింటూ అంత సంతోషపడిన తల్లి ఇంకెక్కడా ఉండదు. గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది. చీలలేదు. ఏమీ చీలలేదు.

అద్దంలో ఎర్రరాళ్లు మెరవడం చూశాక రాగం దానంతటదే ఆగింది. బొంగరం కిందికి దూకి, ముక్కు తుడుచుకుని, కుర్చీ చూపించింది.

"ఇప్పుడు నువ్వు ఎక్కమ్మా."

"నాకెందుకే ఇప్పుడు..." తల్లి చెయ్యి మళ్లీ జుట్టు మీదికి పోయింది.

కంసాలి తాత ఆ జుట్టు పక్కకు తీసి చూశాడు. "మచ్చకు ఇవతల బోలెడు చోటుంది. పెట్టెలో ఇంకో జత ఉంది. ఊఁ అంటే చాలు."

తల్లి అమ్మమ్మ వంక చూసింది. అమ్మమ్మ ఈసారి ఏ చిలకనూ చూపించలేదు. పలక తీసి పక్కన పెట్టి, కుర్చీ దుమ్ము తన కొంగుతో తుడిచింది.

తల్లి కూర్చుంది. బొంగరం ముక్కాలిపీట ఎక్కి, ఆమె మెడకు గుడ్డ కట్టి, కుర్చీ చేతి మీద టక్ టక్ మని తట్టింది.

"తాత చెవి పట్టుకుంటున్నారు. ఇప్పుడు స్పిరిట్. అమ్మా, ఇప్పుడు సూది. నొప్పి పుడుతుంది."

పుట్టింది. తల్లి కదల్లేదు. రెండు చెవులూ అయ్యాక బొంగరం ముడి విప్పి, తన బలమంతా పెట్టి గుడ్డ దులిపింది.

"ఇంక ఏడవొచ్చమ్మా," అంది.

తల్లి బొంగరాన్ని దగ్గరికి లాక్కుని, ఎన్నాళ్లనుంచో ఆపుకున్న ఏడుపంతా హాయిగా ఏడ్చింది.