అయ్యగారు చెప్పిందాకా

ముప్ఫై ఆరో గ్లాసును పిచ్చమ్మ వెలుతురుకి ఎత్తి చూసింది. మరకేమీ లేదు. అయినా మళ్లీ కడిగింది. ప్రభువు బల్లకి ద్రాక్షరసం పోసే గ్లాసులు రెండుసార్లు కడగాలని అప్పటి పాస్టరు పెద్దయ్యగారు ఇరవై రెండేళ్ల కిందట చెప్పారు. ఉప్పునీళ్లకు పగిలిన వేళ్లు, ఒంగిపోయిన నడుం, మోకాళ్ల మీదికి ఎగదోపుకున్న నేతచీర. పులికాట్ సరస్సు ఒడ్డున ఆ చిన్న చర్చిని ఊడ్చడం, తుడవడం, ఆదివారం గంట కొట్టడం, అంతే ఆమె బతుకు.

లోపల కొత్త పాస్టరు సుకుమార్ రేపటి ప్రసంగం పైకి చదువుకుంటున్నాడు. తొలినాళ్ల క్రైస్తవ సంఘంలో విశ్వాసం, విధేయత వేరువేరు కావట. నమ్మినవాళ్లు ఆ రోజే నీళ్లలో దిగి బాప్తిస్మం తీసుకున్నారట. ఆగితే అది నమ్మకమే కాదట.

పిచ్చమ్మ చేతిలోని గ్లాసు కింద పెట్టింది. ఆమె ఆగింది మరి. మొగుడు గంగులయ్య ఒప్పుకోవడం లేదని, తాను చెప్పిందాకా బాప్తిస్మానికి ఆగమన్నారు పెద్దయ్యగారు. ఆయన వేరే ఊరికి వెళ్లిపోయి, అక్కడే ప్రభువు దగ్గరికి చేరుకున్నారు. గంగులయ్య పోయి తొమ్మిదేళ్లు. ఇక ఆగనక్కర్లేదని చెప్పిన నాథుడు లేడు. బాప్తిస్మం అయినవాళ్లకే ఇచ్చే ప్రభువు బల్ల రొట్టె, రసం అందరూ తీసుకునేటప్పుడు ఆమె గుమ్మం బయట నిలబడేది. పాపం, పనిలో ఉందిలే అనుకునేవాళ్లు.

తడిచేతులు కొంగుకి తుడుచుకుని లోపలికి వెళ్లింది.

"అయ్యగారా, ఆయన ఆగమంటే ఆగినాను. మాట విన్నందుకు నాకు నమ్మకం లేనట్టా?"

సంగతంతా విన్న సుకుమార్‌కి మూడేళ్ల బైబిలు కాలేజీ చదువు అక్కరకు రాలేదు. కాసేపు కాగితాలు తిరగేసి, రేపు పొద్దున్నే బాప్తిస్మం ఇస్తానన్నాడు.

"అయితే ఇప్పుడు మీరు చెప్పినట్టేనా?"

"చెప్పినట్టే అమ్మా."

సంతోషంగానే ఉంది గానీ తికమక తీరలేదు. ఇదీ ఒకరు చెబితే చేసేదే కదా, మరి తాను నమ్మింది ఎప్పుడు? మిగిలిన గ్లాసులు కడిగి, బోర్లించి, ఇంటికెళ్లి నడుం వాల్చింది.

ఆదివారం గంట మోగలేదు. పాస్టరు భార్య నవోమి ఇంటికి వెళ్లి చూస్తే, పిచ్చమ్మ నిద్రలోనే పోయి ఉంది.

కబురు విని వచ్చిన సుకుమార్ గడప దగ్గరే ఆగిపోయాడు. బాప్తిస్మం లేనివాళ్లకు సంఘం సమాధుల తోటలో చోటు లేదు. ఆ నియమానికి లోబడాలో, ఈ మనిషిని నమ్మాలో అతనికి పాలుపోలేదు.

పైన కప్పడానికి గుడ్డేదైనా ఉందేమోనని నవోమి రేకుపెట్టె తెరిచింది. అడుగున, బాప్తిస్మానికని కొని దాచుకున్న తెల్లచీర, షాపు చీటీ కూడా తీయకుండా, మడతల వెంట పసుపెక్కి ఉంది.