ఇంజను మీద నీళ్ళ గ్లాసు

కదిరిలో ఓబుళేసు అంబాసిడరు కారు గొంతు గుర్తుపట్టని వీధి లేదు. ఆదివారం పొద్దున్నే ఇంటి ముందర బానెట్టు ఎత్తి, కార్బొరేటరు మీదికి ఒక చెవి వంచి, గాలీ పెట్రోలూ కలిసే పాళ్ళు తేల్చే చిన్న మరను స్క్రూడ్రైవరుతో అటింత ఇటింత తిప్పేవాడు. మర బిగిస్తే పెట్రోలు తగ్గి ఇంజను తుమ్ముతుంది. వదులు చేస్తే పెట్రోలు ఎక్కువై నల్లపొగ కక్కుతుంది. ఆ రెండింటి నడుమ ఎక్కడో ఒకచోట హాయిగా ఊపిరి తీసుకుంటుంది. ఆ చోటును ఆయన చెవితోనే పట్టేసేవాడు. మెకానిక్కు షెడ్డు వాకిలి తొక్కిన పాపాన పోలేదు. పెళ్ళాం భద్రమ్మకు మాత్రం ఆ ఆదివారాలంటే ఒళ్ళుమంట. "నా సవతికి నాలుగు చక్రాలుండాయి" అని అమ్మలక్కల దగ్గర ఎత్తిపొడిచేది.

ఎనభై మూడులో ఓబుళేసుకు క్షయ పట్టుకుంది. నెలల తరబడి పొడిచిన సూదులు జబ్బునైతే తరిమేశాయి గానీ, చెవులను కూడా పట్టుకుపోయాయి. ఊళ్ళో ఎవరికీ తెలియదు. భద్రమ్మకు తెలుసు. ఆమెకు తెలుసని ఆయనకూ తెలుసు. అయినా ఆ మాట ఆయన నోట రాలేదు, ఆమె అడగలేదు. కారు అన్నదమ్ములిద్దరూ బాడుగకు తిప్పడానికి కలిసి కొన్నది. చెవిటివాడని తేలితే తమ్ముడు ఆదెప్ప తాళాలు లాగేసుకుంటాడు. తాళాలు పోయిన రోజున ఈ మనిషి గోడకు చేరగిలబడి ముసలివాడైపోతాడని ఆమె భయం.

భయపడినంతా అయింది. ఒకరోజు పెండ్లివాళ్ళను ఎక్కించుకుని పోతూ, ఎత్తు మలుపులో లారీకి దారి ఇవ్వడానికి వేగం తగ్గించగానే ఇంజను ఆగిపోయింది. చెవి సాయం లేకుండా ఉజ్జాయింపుగా తిప్పిన మర అది, మరీ బిగిసిపోయింది. పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్ళు దిగి మిట్టమధ్యాహ్నం ఎండలో కారు తోశారు. సాయంత్రానికి ఆదెప్ప వచ్చి వదినతో ఖరాకండిగా చెప్పాడు.

"జబ్బు పడినప్పటినుంచి ఆయప్ప మనసు బండి మీద లేదు వదినా. ఆదివారం వస్తా. ఇంజను సరింగా లేకుంటే తాళాలు తీసుకొని పోతా. అన్నకు నువ్వే చెప్పు."

భద్రమ్మ చేతులు తిప్పుతూ మొగుడికి చెప్పింది. ఆయన తల ఊపాడు, అంతే.

ఆదివారం పొద్దున బానెట్టు ఎత్తాడు. అలవాటు చొప్పున చెవి వంచబోయి, సగంలో ఆగి నిటారుగా నిలబడిపోయాడు. వాకిట్లో శెనక్కాయలు ఒలుస్తున్న భద్రమ్మ చేతిలోని కాయ పక్కన పెట్టేసింది. కాసేపటికి ఆయన వెనక్కి తిరిగాడు.

"ఒక గ్లాసు నీళ్ళు తేపో. అంచు దాకా ఉండల్ల."

ఆ ఏడు ఊరు వాన మొహం చూడలేదు. బోరింగు దగ్గర ఒక్క బిందె నిండేసరికి పొద్దెక్కిపోయేది. ఆమె అరగ్లాసు తెచ్చింది. కాదు, నిండా కావాలని ఆయన చేత్తో చూపించాడు. నిండు గ్లాసును తాగకుండా తీసుకెళ్ళి ఇంజను నెత్తిన, గాలి ఫిల్టరు మూత మీద పెట్టి కారు స్టార్టు చేశాడు. నీళ్ళు ఎగిరి చిందాయి. భద్రమ్మ తిట్టడానికి నోరు తెరిచి, ఆయన మొహం చూసి మూసుకుంది.

ఓబుళేసు ఎడమ అరచెయ్యి కారు రేకు మీద ఆనించి, కళ్ళు నీళ్ళకు అప్పగించి, మర తిప్పసాగాడు. బిగిస్తే నీళ్ళు గడగడా వణికి అంచు దాటేవి. వదులు చేస్తే గ్లాసే పక్కకు జరిగేది. తొణికినప్పుడల్లా గ్లాసును ఆమె వైపు చాచేవాడు. కడవ సగానికి దిగింది. చుక్క నీళ్ళు ఒలికితే పిల్లల వీపు విమానం మోత మోగించే మనిషి, ఆ పూట కిక్కురుమనకుండా నింపి నింపి ఇచ్చింది. చెవులు పోతే కళ్ళకూ అరచేతికీ ఆ పని అప్పజెప్పవచ్చని ఈయనకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఎదురుగా నిలబడి తనే కనిపెట్టాడు. ఆమెకు గర్వంగా ఉంది, దాంతోపాటే ఏడుపూ వస్తోంది.

మర ఇంకాస్త కదలగానే ఇంజను గొంతు కుదిరింది. భద్రమ్మ ఠక్కున గుర్తుపట్టింది. ఇన్నేళ్ళూ తిట్టుకుంటూ విన్న చప్పుడు తనకు ఇంత బాగా తెలుసని అప్పుడే తెలిసింది. ఆడనే ఆపు అని చెయ్యి ఎత్తబోయి, మళ్ళీ దించేసుకుంది. ఆయన ఆ చోటు దాటి పోయాడు. నీళ్ళు వణికాయి. వెనక్కి వచ్చాడు. మరి కొంచెం వచ్చాడు. ఇప్పుడు నీళ్ళ మీద సన్నని వలయాలు తప్ప ఏ అలజడీ లేదు. సరిగ్గా ఆమె చెవి చెప్పిన చోటే ఆయన చెయ్యి ఆగింది. ఎంత పనివాడు నా మొగుడు అనుకుంది భద్రమ్మ.

ఆదెప్ప వచ్చేసరికి ఇంజను అలాగే నడుస్తోంది. అన్న వెనక నిలబడి కాసేపు విన్నాడు. మొహంలో కోపం కాస్త కాస్తగా జారిపోయింది.

"బాగుండాదన్నా. ఎవురు చేసినారు?"

ఓబుళేసు గుడ్డ అందుకుని చేతులు తుడుచుకోసాగాడు. ఈసారి గట్టిగా, "అన్నా" అని పిలిచాడు. ఓబుళేసు గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆదెప్ప వదిన వైపు తిరిగాడు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇనపడదా వదినా?"

"సూదులేసినప్పటినుంచి."

"మరి ఇంజను ఎట్ల కుదిరిచ్చినాడు?"

భద్రమ్మ గ్లాసు చూపించింది. నడుస్తున్న ఇంజను మీద తొణకకుండా నిలిచిన నీళ్ళను ఆదెప్ప చాలాసేపు చూశాడు. తర్వాత కారు చుట్టూ తిరిగి వెళ్ళి, ఇంజనుకు అవతలి పక్కన, అన్న ముఖానికి ఎదురుగా నిలబడి ఏదో చెప్పాడు.

ఓబుళేసు తమ్ముడి పెదవులు చూశాడు. పెళ్ళాం కళ్ళు చూశాడు. దాచి లాభం లేదని అర్థమైపోయింది.

"నాకు చెవులు పోయినాయి ఆదెప్పా," అన్నాడు. "మెల్లగ చెప్పు."

ఆ మాట ఆయన నోట మొదటిసారి విన్న భద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆదెప్ప ఒక్కొక్క మాటా విడదీసి మళ్ళీ చెప్పాడు.

"రేపు చిలమత్తూరుకు పోవల్ల. బండి నువ్వే నడుపు. నేను పక్కన కూచొని హారన్లు ఇంటా."