నమూనా 1-బి ఓడరేవు

షామీర్‌పేట చెరువులోకి ఓడ వచ్చి వారం కాలేదు, అప్పుడే దాన్ని కళ్లారా చూసినవాళ్లు అలియాబాద్ నుంచి అత్వెల్లి దాకా ఇంటికొకరు తయారయ్యారు. దాని కూత విని తన బర్రె పాలివ్వడం మానేసిందని ఒకాయన, కాదు నా బర్రె రెట్టింపు ఇచ్చిందని ఇంకొకాయన. ఓడ ఎంత పొడుగంటే, ముక్కు చెరువుకట్టకు ఆనించి నిలబెడితే తోక తూంకుంట చౌరస్తాలో ట్రాఫిక్ ఆపేసిందట.

ఈ మాటలు చెవిన పడ్డప్పుడల్లా సృజన టీచర్ పళ్లు పటపటా కొరికేది. కొరకదా మరి? ఆ ఓడను చెరువులో దింపింది ఆమే. తొమ్మిదో తరగతి గదిలో, అన్నం బెల్లుకు ముందు, ఒక కంప్యూటరూ ముప్పై మంది పిల్లల అరుపులూ పెట్టి దింపింది.

పాపమంతా ఆ ట్రైనింగ్‌ది.

అలియాబాద్ దాటాక రోడ్డు పక్కన ఒక చిన్న ప్రైవేటు బడిలో సృజన సోషల్ చెబుతుంది. ఫోన్లలో వచ్చే అబద్ధాలను పిల్లలు గుర్తుపట్టాలి, దాన్ని మీడియా లిటరసీ అంటారు, నువ్వెళ్లి నేర్చుకొచ్చి అందరికీ నేర్పు అని ప్రిన్సిపాల్ ఆమెను అల్వాల్‌లో ఒకరోజు శిక్షణకు తోలాడు. అక్కడ గదిలో టీచర్లు ఎంత కిక్కిరిసి ఉన్నారంటే, సందేహం అడగడానికి ఎత్తిన చెయ్యి మళ్లీ దించుకోవడానికి చోటు లేదు. ప్రొజెక్టర్ వెలుతురులో గోడ మీద ఏముందో తెలియాలంటే దగ్గరికెళ్లి తడిమి చూడాలి. పాఠం చెప్పింది చలపతిరావుగారు. కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని, రిటైరయ్యాక ఇలాంటి శిక్షణలు ఇస్తున్న మనిషి. మంచివాడే. మాట బెల్లం పాకం.

"అబద్ధపు వార్తను పట్టుకోవడం బ్రహ్మవిద్యేం కాదండీ. అక్షరదోషాలుంటాయి. ఫోటో మసగ్గా ఉంటుంది. తేదీ ఉండదు. ఈ మూడూ చూసుకుంటే చాలండీ" అన్నాడాయన.

సాయంత్రం టీతో పాటు ఒక పుస్తకం, ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టారు. పుస్తకంలో ఉదాహరణలన్నీ మంచు తుఫానులో తప్పిపోయిన కుక్కల గురించీ, ఏదో దేశపు రాణిగారి టోపీ గురించీ. షామీర్‌పేట పిల్లలకు మంచు అంటే ఐస్‌క్రీం బండిలో ఉండేదే. పెన్‌డ్రైవ్ తెరిస్తే పాఠాలు సగం, చలపతిరావుగారు కాకినాడ వెళ్లినప్పుడు దిగిన ఫోటోలు సగం. పుస్తకంలో ఒకటే సరైన సంగతి ఉంది. పిల్లల చేతే ఒక నిజం వార్త, ఒక అబద్ధం వార్త తయారు చేయించాలి. నిజందాని మీద 'నమూనా 1-ఎ' అని, అబద్ధందాని మీద 'నమూనా 1-బి' అని పెద్ద అక్షరాల ముద్ర ఉంటుంది. ఆ ముద్ర చూస్తే ఇది పాఠమని అందరికీ తెలిసిపోతుందట, ఎవరూ మోసపోరట, అందుకే దాన్ని తియ్యొద్దట. ఆ ముక్క రాసినవాడు ఏ ఊళ్లో పుట్టాడో గానీ, గుంటెడు భూమి ఉన్న ఊళ్లో మాత్రం పుట్టలేదు.

"ఎవ్వరు నమ్మనంత పెద్ద అబద్ధం జెప్పాలె. నమ్మేటట్టు ఉంటే మార్కులు కట్" అంది సృజన క్లాసులో.

కాలనీ నుంచి వచ్చే దీక్షిత్ లేచి, "మిస్, హైదరాబాద్‌కి సముద్రం తెచ్చేద్దామా?" అన్నాడు.

"హైదరాబాద్‌కెందుకు, షామీర్‌పేట చెరువుల ఓడరేవు పెడదాం మిస్!" అని భవిత అరిచింది. భవిత సృజనకు స్వయానా అన్న కూతురు, బడిలో మాత్రం మిస్ అనే పిలుస్తుంది.

క్లాసు నవ్విన నవ్వుకు ఫ్యాన్ ఒక రెక్క తిరగడం మరిచిపోయింది. చలపతిరావుగారి కాకినాడ ఫోటోల్లోంచి ఓడను కత్తిరించి చెరువులో అతికించారు. తేదీ వేశారు. అక్షరదోషం లేకుండా రాశారు, సృజన దగ్గరుండి దిద్దింది. అడ్డంగా 'నమూనా 1-బి' ముద్ర కొట్టారు. ఆలోచన భవితది కాబట్టి సృజన ఆ పిల్లకే ఫస్టు ఇచ్చింది. అంతే. పాఠం అయిపోయిందనుకుంది పిచ్చిది.

ఆదివారం అత్వెల్లి నుంచి తల్లి జయమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, అన్న మన మడి అమ్ముతనంటాండు. రేపే సంతకమట. నువ్వు జల్దీ రా."

మడి అంటే జయమ్మ పేరున మిగిలిన ఎకరం. భర్త పోయాక ఆమె ఒంటిచేత్తో అందులో పుంటికూర, పాలకూర, కొత్తిమీర పండించి మేడ్చల్‌ మార్కెట్లో అమ్ముతోంది. ఆ ఎకరం పోతే ఆమెకు పొద్దున లేచి వెళ్లడానికి ఇంకో చోటు లేదు. సృజన ఆటోలో అత్వెల్లి చేరేసరికి అన్న సుధాకర్ తల్లి ముందు ఫోన్ పెట్టుకుని కూర్చున్నాడు. సుధాకర్‌ది కొంత రియల్ ఎస్టేట్, కొంత రాజకీయం. రెండింటికీ కలిపి ఒకటే తెల్లచొక్కా.

"గీ మడి ఇచ్చేసి పోర్టు పక్కన ప్లాట్లు తీస్కుందాం అమ్మా. నువ్వు కుర్సీల కూసోని ఓడలు సూసుకుంట ఉండొచ్చు."

"ఓడలు సూస్తే కడుపు నిండుతదార?"

సృజన ఫోన్‌లోకి తొంగి చూసింది. తన ఓడ. తన తేదీ. తను దిద్దిన ఒత్తులు.

"అన్నా, గా పోర్టు నేను జేసిన."

సుధాకర్ చెల్లెలి మొహంలోకి జాలిగా చూశాడు. "చెల్లె, నువ్వు బడిల పనితోని మస్తు పరేషాన్ల ఉన్నవు. పోర్టు జేసుడంటే పూరీలు జేసుడా?"

"పోర్టు గాదే, గీ కాగితం! మా క్లాసుల పిల్లలు జేసిండ్రు. నీ బిడ్డనే జెప్పింది ఓడరేవు పెడదామని!"

"మరి గీడ ఏం రాసుంది? సదువు. నమూనా 1-బి. పొలం ఎవలదో సర్కారు రాసిచ్చే కాగితం అదే గదా. అబద్ధానికి ఎవడన్న 1-బి ఇస్తడా?"

"అది పాఠం నంబరన్నా! 1-ఎ అంటే నిజం, 1-బి అంటే అబద్ధం!"

"ఇన్నవా అమ్మా? మన పొలానికున్న 1-బి గూడ అబద్ధమేనంటాంది నీ బిడ్డ!"

సృజన నెత్తి పట్టుకుంది. ముద్ర తియ్యొద్దని ఆ పుస్తకంలో మూడు రంగుల్లో అచ్చేసిన మహానుభావుడు దొరికితే, ఆ పుస్తకాన్నే మడిచి అతని నోట్లో కుక్కాలనిపించింది.

"చెరువుల ఓడెట్లొస్తదన్నా? ఆలోచించవా?"

అప్పుడు సుధాకర్ గొంతు కాస్త మారింది. "రింగు రోడ్డొస్తదని ఎవలో జెప్తే నాయిన గిట్లనే నవ్విండు. చెరువుల ఓడొస్తదా అన్నట్టే, చేన్లకెళ్లి రోడ్డెట్లొస్తదిరా అన్నడు. నవ్వుకుంటనే చేను అగ్గువకు అమ్మిండు. రోడ్డచ్చిందా లేదా? నిజం జెప్తే నవ్వి మునిగినం చెల్లె. ఇంకోపారి నవ్వుమంటవా?"

సృజన చూపు తల్లి వైపు తిరిగింది. జయమ్మ తలొంచుకుంది. ఆ నవ్వు వాళ్లిద్దరూ విన్నదే.

"మీ పిల్లలు జేసిండ్రంటే, వార్త సూసి బొమ్మ గీసిండ్రు. ముందు వార్త, ఎనక మీ బొమ్మ. అంతే" అని సుధాకర్ తేల్చేశాడు.

ఇక లాభం లేదని సృజన శిక్షణ ఇచ్చిన మనిషికే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"సార్, షామీర్‌పేట ఓడరేవు వార్త సూసిండ్రా?"

"చూశానండీ! మన మూడు పరీక్షలూ పెట్టానండీ. అక్షరదోషాల్లేవు, ఫోటో శుభ్రంగా ఉంది, తేదీ ఉంది. నిజమేనండీ!"

"సార్, అది మీ పాఠం కోసం నేను జేయించిందే! అందుకే నమూనా అని ముద్ర ఉంది."

"ముద్ర కూడా ఉందాండీ? మరింకేం! నా మటుకు నాకు ప్రాణం లేచొచ్చిందండీ. పొద్దున్నే సముద్రపు గాలి పీల్చి ఎన్నేళ్లయిందో."

"అయ్యో, సార్! ఫోటో పెద్దగ జేసి సూడుండ్రి. ఎడమ మూలకు గొడుగు పట్టుకోని నిలవడ్డదెవరు?"

 నెమ్మదిగా, "ఆ చొక్కా నాదేనండీ" అన్నాడాయన.

"ఆఁ! అది మీ కాకినాడ ఫోటో సార్."

"కాదేమోనండీ. మొన్న మనవణ్ని తీసుకుని షామీర్‌పేట చెరువు దగ్గరికీ వెళ్లాను. ఇదే చొక్కా."

"అప్పుడు ఓడ గనవడ్డదా మీకు?"

"ఉండే ఉంటుందండీ. ఆ రోజు కళ్లజోడు మర్చిపోయాను."

సుధాకర్ తొడ చరిచి లేచాడు. "సూసినవా! సారే పోయి సూసొచ్చిండు!"

సృజన ఫోన్ పెట్టేసిన విసురుకు గోడ మీది గడియారం ముల్లు ఒకసారి వెనక్కి నడిచింది. ఆ కోపంలో ఆమె చేతికి ఒక పార ఇచ్చినా షామీర్‌పేట నుంచి కాకినాడ దాకా తనే కాలువ తవ్వేసేది.

తెల్లారి ముగ్గురూ కారులో మేడ్చల్ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు బయలుదేరారు. సుధాకర్ నడుపుతున్నాడు. జయమ్మ పక్కన కూర్చుని పొలం కాగితాల కవరు ఒళ్లో పెట్టుకుంది. సెలవు పెట్టి వచ్చిన సృజన వెనక సీట్లో. ఎప్పుడూ చిటికెలో వచ్చే మేడ్చల్ ఆ పూట లారీల వెనక చిక్కుకుని రాననేసింది.

రాత్రంతా గింజుకున్నాక సృజనకు ఒకటి అర్థమైంది. చెరువులో ఓడ నిజమా కాదా అని వాదిస్తే అన్న ఒప్పుకోడు. వార్త ముందా, బొమ్మ ముందా అన్నదే తేలాలి.

"అన్నా, నీకు గీ వార్త ఎవలు పంపిండ్రు?"

"మొగులన్న. చిన్న మనిషనుకుంటున్నవా?"

"నీ ఫోనియ్యి."

సుధాకర్ నవ్వుతూ ఇచ్చాడు. సృజన ఫోన్ కలిపి తన పేరు చెప్పింది. మొగులయ్య అత్వెల్లి పెద్దమనుషుల్లో ఒకడు, ఆయన గొంతుకు స్పీకర్ అవసరమే లేదు.

"ఏందే బిడ్డా, మంచిగున్నవా? అమ్మ మంచిగుందా?"

"మంచిగున్నం పెద్దబాపు. పోర్టు సంగతి నీకెవలు పంపిండ్రే?"

"మన భానుప్రకాశ్. అల్వాల్ల అద్దాల ఆఫీసు పెట్టిండు సూడు, ఆయిన. ఏసీ గూడ ఉంది. ఏసీల కూసున్నోడు అబద్ధమాడతడా?"

భానుప్రకాశ్ ప్లాట్లు అమ్మిపెట్టే మనిషి. సృజన ఆయనకు కలిపి హలో అనీ అనగానే, "మేడం, పోర్టు ఫేసింగా? కార్నర్ బిట్లు మస్తు తక్కువున్నయి, ఇయ్యాల్నే జెప్పాలె" అన్నాడు.

"నాకు బిట్లు వద్దు. వార్త నీకెవలు పంపిండ్రో జెప్పు."

"గదేంది మేడం, గిది సుధాకరన్న నంబరే గదా! అన్ననే పంపిండు. లోకల్ మనిషి పంపిండంటే పక్కా ఉంటదని, కింద 'కన్ఫర్మ్' అని రాసి నేను అందరికి పంపిన."

కారు దానంతటదే మెల్లగైంది. వెనకాల లారీవాడు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు. సుధాకర్ పక్కకు ఆపి ఫోన్ లాక్కున్నాడు.

"నేను పంపిన్నా? నాకు మొగులన్న పంపిండు గదా!"

"మొగులన్నకు భానుప్రకాశ్ పంపిండు, భానుప్రకాశ్‌కు నువ్వు పంపినవు. నీకంటే ముందు ఎవలు పంపిండ్రో సూడు."

సుధాకర్ బొటనవేలితో పైకి జరుపుతూ పోయాడు. పెళ్లి పత్రికలు, పార్టీ మీటింగులు, ప్లాట్ల మ్యాపులు దాటాక ఓడ బొమ్మ వచ్చింది. పంపింది భవిత. బొమ్మ కింద ఒక వాయిస్ మెసేజ్ కూడా ఉంది. ఇంతవరకూ దాన్ని ఎవరూ వినలేదు. సృజన ముందుకు వంగి దాన్ని నొక్కింది.

"నాయినా, గిది మేం క్లాసుల జేసిన అబద్ధం వార్త. ఎవ్వరు నమ్మని అబద్ధానికే ఫస్టట. అత్త నాకు ఫస్టిచ్చింది! సూసినంక నవ్వు నాయినా, మర్చిపోకు."

సుధాకర్ దాన్ని తనే నొక్కి మళ్లీ విన్నాడు.

"ఆ దినం నేను ఎవలదో ఫంక్షన్ల ఉన్న" అన్నాడు సుధాకర్ చివరికి. "బొమ్మ సూసిన, భానుప్రకాశ్‌కు కొట్టిన. ఇనలే." తర్వాత మెల్లగా, "అంటే చెల్లె... గీ పోర్టు తెచ్చింది నేనేనన్నట్టు?" అన్నాడు. ఆ గొంతులో రవ్వంత గర్వం ఉంది.

"తెచ్చుడేందే!" సృజన సీటు మీద రెండు చేతులతో బాదింది. "నీ బిడ్డ నవ్వుమని పంపితే అమ్మ మడి అమ్మబోయినవు!"

జయమ్మ కాగితాల కవరు మడిచి చీర కొంగులోకి దోపుకుని ముడేసింది.

"కారు మలుపు."

"అమ్మా, అవతలోళ్లు వచ్చి కూసున్నరు. ఏం జెప్పాలె?"

"నా సంతకం రాదని జెప్పు. ఎండెక్కుతాంది, పుంటికూర కొయ్యలే ఇంక. నీ ఓడల పెట్టుకోని పోతవా మార్కెట్‌కు?"

సుధాకర్ కారు తిప్పాడు. దారిలో సృజన దగ్గరుండి అతని చేత అందరికీ ఒక మాట పంపించింది. పోర్టు ఉత్తదే, మా బిడ్డ బడిలో చేసిన బొమ్మ అని. మొగులయ్య నుంచి వెంటనే జవాబు వచ్చింది: "గిది ఎవలు పుట్టిచ్చిన అబద్ధం సుధాకరా? ఓడను నేను నా కండ్లతోని సూసిన." సృజన ఆ ఫోన్‌ను కిటికీలోంచి విసిరేయబోతే సుధాకర్ అడ్డుపడ్డాడు.

మడి దగ్గర కారు ఆగగానే జయమ్మ దిగి గట్టు ఎక్కింది. బడికి కట్టుకునే ఇస్త్రీ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని సృజన వెనకే దిగింది. మొగులయ్యను, భానుప్రకాశ్‌ను, చలపతిరావుగారి కళ్లజోడును, ఆ పుస్తకం అచ్చేసినవాళ్లను పేరు పేరునా తిట్టుకుంటూ దొరికిన పుంటికూర మొక్కను దొరికినట్టు లాగుతోంది.

"ఏర్లతోని పీకకు బిడ్డా" అంది జయమ్మ వెనక్కి తిరగకుండానే. "పైన తెంపు. నాలుగొద్దులైతే మళ్ల కోతకొస్తది."