రంగు చూసి కొన్న మిషన్

వయ్యారిభామ కలుపుమొక్క మొదలు ఎడమచేత్తో పట్టుకుని, కొడవలితో తెగ్గోసి, మొహం పక్కకు తిప్పి విసిరేశాడు ఆంజనేయులు. మొహం తిప్పకపోతే ఆ తెల్లపూల పుప్పొడి ముక్కులోకి పోతుంది. తిప్పినా పోతుంది. పంతొమ్మిదేళ్ళుగా పోతూనే ఉంది. మణికట్టు నుంచి మోచేతిదాకా చర్మం తుమ్మబెరడులా పగిలి రసి కారుతోంది. దాని మీద ఈగలు. ఇంకోసారి ఆ మొక్కల్లో దిగితే ఊపిరి అందదని నరసరావుపేట డాక్టరు చెప్పాడు. దిగకపోతే ఎవరు కోస్తారు? కోటప్పకొండ కింద ఆరెకరాల సత్రం జాగా అది. ఏడాది పొడుగునా కలుపును పెంచి, తిరునాళ్ళ పదిహేను రోజులుందనగా శుభ్రం చెయ్యమంటుంది సత్రం కమిటీ.

ఆ పొద్దు మాత్రం చెయ్యి చురుగ్గా ఆడుతోంది. సీటు మీద కూర్చుని నడిపే గడ్డికోత మిషన్ కొంటున్నారు. గుంటూరు నుంచి రెండు రకాలు తెచ్చి చూపిస్తారట. నడిపేది ఆంజనేయులే. కూర్చుంటే మొహం కలుపుకు పైన ఉంటుంది. అతని ఆశ అంతే, ఇంకేమీ లేదు.

"ఏంది అన్నయ్యా, గడ్డం గీసి తయారయ్యావు?" సత్రంలో వంట చేసే రాఘవమ్మ ఎగతాళి చేసింది.

"బండెక్కేవాడు గీసుకోడేంటమ్మే?"

"నన్ను గూడా ఓ రౌండు తిప్పు."

"ఒకటే సీటంట. నువ్వు దిష్టి తీద్దువులే."

పదింటికి వ్యాను వచ్చింది, దాని వెనకే కార్లలో కమిటీ పెద్దలు. షాపు ఓనరు సుధీర్ బాబు రెండు మిషన్లు దించాడు. ఒకటి పొట్టిది, నున్నగా ఉంది. బంగళాల ముందు పచ్చిక కోసే సొగసుది. రెండోది మొరటుది. ఎత్తు చక్రాలు, వేలిమందం బ్లేడు. ఆంజనేయులు ముందు దాన్నెక్కి కలుపులోకి తోలాడు. నడుమెత్తు మొక్కలు ముందుకు వాలి, వెనక ముక్కలై పడ్డాయి. రాయొచ్చిన చోట పైనుంచి దాటిపోయింది. పావుగంట తిప్పాడు. దగ్గు రాలేదన్న సంగతి దిగాక గాని తెలియలేదు.

"ఈ నేలకి ఇదే బాబూ. ఆ పొట్టిది రాళ్ళకాగదు."

కమిటీ ప్రెసిడెంటు త్రికోటేశ్వరరావు ఆంజనేయులు కొడుకు ఈడువాడు. నోట్లో గుట్కా గోడవారన ఉమ్మాడు. ఎర్రటి చార సున్నం మీద కిందికి జారింది.

"పనితనం సరేరా. రంగు చూశావా?"

అందరూ చూశారు. అవతలి పార్టీ రంగు. ఏ రంగని పల్నాడులో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

"తిరునాళ్ళకి అన్ని ఊళ్ళూ వస్తయ్. ఆ రంగు బండి మన సత్రంలో తిరిగితే నేను తలెత్తుకోవద్దా?"

"రంగేగా బాబూ. డబ్బా తెప్పించండి, నేనే పూస్తా."

"రంగు మారిస్తే వారంటీ పోద్దండీ," అన్నాడు సుధీర్ బాబు.

"పూసినా అంతే. గీకితే లోపల అదేగా," అన్నాడు ప్రెసిడెంటు.

ఎవరూ నవ్వలేదు. ఏడుగురు పెద్దమనుషులు బుద్ధిగా తలలూపారు. బ్లేడు మందమెంతని అడిగినవాడు లేడు. కలుపులోకి రెండడుగులు వేసి చూసినవాడు లేడు. తెల్లపంచెలకు పల్లేరుకాయలు అంటుకోవూ మరి!

పొట్టిదాన్నే కొన్నారు. బొట్టు పెట్టి, దండ వేసి, చుట్టూ నిలబడి ఫోటోలు దిగారు. ఆ తర్వాత ఆంజనేయులు దాన్ని కలుపులోకి తోలాడు. పది గజాలు పోయిందో లేదో కణేల్‌మంది. బ్లేడు వంగిపోయింది.

సుధీర్ బాబు కంగారుపడలేదు. ఇంకో బ్లేడు బిగిస్తూ, "ఇది చదును నేలకండీ. ముందు మొక్కలు కోయించి రాళ్ళేరించండి, నల్లేరు మీద బండే," అన్నాడు.

"ఇన్నావా? కోసి, ఏరి పెట్టు. ఆనక దర్జాగా కూర్చుని తిరుగుదువు," అన్నాడు ప్రెసిడెంటు.

"అంతా కోసినాక మిషనెందుకు బాబూ?"

"ఎగస్ట్రా మాట్లాడమాక."

కార్లు వెళ్ళిపోయాయి. ఆంజనేయులు మిషన్‌ను పక్కకు నెట్టి, కొడవలీ, రాళ్ళెత్తే ఇనప గమేళా తీసుకుని మళ్ళీ కలుపులో దిగాడు.

రెండింటికి రాఘవమ్మ అన్నానికి పిలిచింది. పలకలేదు. మొక్కలు పాయదీసుకుంటూ పోయింది. ఒక రాతికి వీపు ఆనించి, మోకాళ్ళు దగ్గరకు లాక్కుని కూర్చుని ఉన్నాడు. నోరు తెరిచి ఉంది. మీసాల మీద పుప్పొడి.

"అన్నయ్యా," అని భుజం తట్టింది. ఒరిగిపోయాడు.

ఫోన్ చేస్తే ప్రెసిడెంటు, "సత్రం లోపలికి తేమాకండి. తిరునాళ్ళ ముందు మైల," అన్నాడు.

ఆటోలో ఊరికి తీసుకుపోయారు. కోసిన జాగాకూ కోయని జాగాకూ మధ్య సగం రాళ్ళతో గమేళా అక్కడే ఉండిపోయింది. దాని చెవికి చుట్టిన గుడ్డపేలిక ఇంకా చెమటతో తడిగానే ఉంది.