కింది అరలో పిన్ని

బీరువా కింది అరలో, పెట్టుబడి చీరల మధ్య, మాణిక్యం పిన్ని మడతపెట్టి ఉంది. అంచులు లోపలికి, వీపు పైకి, మొహం ఒక పక్కకి. పైన పల్చటి ప్లాస్టిక్ కవరు. కవరు లోపల పిన్ని కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

సత్యవేణి బీరువా తలుపు మూసి, మళ్ళీ తీస్తుంది. పిన్ని ఒకసారి కళ్ళార్పుతుంది.

"తలుపేసెయ్యవే. ఎలుతురు తగిల్తే రంగెలిసిపోద్ది," అంటుంది.

సత్యవేణి తలుపు ఓరగా వేస్తుంది. పూర్తిగా వేస్తే పిన్నికి ఉక్కపోస్తుంది.

ఆ బీరువాలో రెండు రాజ్యాలున్నాయి. పై అరలోవి కట్టుకునేవి, కింది అరలోవి ఇతరులకు పెట్టేవి. ఎవరైనా చీర పెడితే సత్యవేణి బొట్టు పెట్టించుకుని, నవ్వి, "ఎందుకండీ ఇవన్నీ" అని, ఇంటికొచ్చాక కవరు మీదనుంచే బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కుతుంది. ఆ నొక్కుతోనే తేలిపోతుంది ఏది పైకో, ఏది కిందికో. కవరు విప్పాల్సిన పనే లేదు. ఈ విద్యలో తనని మించినవాళ్ళు తణుకు మొత్తంలో లేరని ఆమెకు గట్టి నమ్మకం, దానికి కొన్నాళ్ళు మురిసిపోయింది కూడా. కిందికి పోయిన చీర ఇంకో ఇంటి శుభకార్యంలో తేలి, అక్కడినుంచి మరో ఇంటికి పోతుంది. ఒక్కసారైనా ఒంటిమీదికి ఎక్కకుండానే ముసలివైపోయిన చీరలు ఈ ఊళ్ళో బోలెడు.

ఇవాళ సత్యవేణి కూతురి నిశ్చితార్థం. తాంబూలాలు మార్చుకోవడం అయింది, భోజనాలు అయ్యాయి. ఆడవాళ్ళందరూ హాల్లో కుర్చీల్లో కూర్చుని, చీరల కోసం చూడనట్టు చూస్తున్నారు. మొదటి కుర్చీ మాణిక్యం పిన్నిది. ఇంటికి పెద్దావిడ, మొదటి చీర ఆవిడకే పెట్టాలి. ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీగా ఉందో సత్యవేణికి ఒక్కదానికే తెలుసు.

తల్లి మంచాన పడ్డప్పటినుంచీ సత్యవేణిని పెంచింది ఈ పిన్నే. పాలకొల్లులో వరండాలో మిషను వేసుకుని, ఊళ్ళోవాళ్ళ చీరలకు ఫాల్ కుడుతూ పెంచింది. బళ్ళోకి వేసుకెళ్ళే బట్టలు చాకిరేవులో మారిపోకుండా లోపలి అంచున ఎర్రదారంతో మూడు కుట్లు వేసేది. అది సత్యవేణి గుర్తు. ఇంకెవరి బట్టలకీ ఆ గుర్తు ఉండేది కాదు.

సత్యవేణి గృహప్రవేశానికి పిన్ని వంగపండు రంగు చీర పెట్టింది. సత్యవేణి నొక్కి చూసింది. అది కిందికి పోయింది. తర్వాత ఒక శ్రావణమాసంలో పిన్ని పేరంటానికి వస్తే, హడావిడిలో చేతికందిన కవరు లాగి, బొట్టు పెట్టి, ఆ చీరే పిన్ని చేతిలో పెట్టింది. పిన్ని కళ్ళకద్దుకుని తీసుకుంది.

పోయిన నెల చుట్టాల పెళ్ళికి పిన్ని ఆ చీరే కట్టుకొచ్చింది. చీర బావుందే, ఎవరు పెట్టారు అని ఎవరో అడిగితే, "ఇంకెవరు, మా సత్య" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగా మురిసిపోతూ అంది. సత్యవేణి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టడానికి వంగింది. కుచ్చిళ్ళ దగ్గర ఫాల్ చివర, పాత ఎర్రదారంతో మూడు కుట్లు కనిపించాయి.

పెట్టుబడి చీరకి ఎవరూ ఫాల్ కుట్టరు. కుట్టి ఇచ్చారంటే, నువ్వే కట్టుకో అని ఇచ్చినట్టు. ఒక్కసారి విప్పి ఉంటే తెలిసేది. సత్యవేణి వంగినది వంగినట్టే చాలాసేపు ఉండిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు భక్తి అనుకున్నారు. అప్పటినుంచీ ఆమెకు అన్నం సయించడం లేదు. పిన్నికి ఫోన్ చేసి, పెళ్ళివారి కబుర్లు చెప్పి, ఎండల గురించి మాట్లాడి పెట్టేస్తోంది. చెప్పాల్సిన మాట మాత్రం సిగ్గుతో దాటేస్తోంది.

అందుకని ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. ఎవరూ చూడకముందే పిన్నిని పై అరలోకి మార్చాలి.

పై అరలో జాగా లేదు. పట్టుచీరలు పెద్దింటి ఆడపడుచుల్లా కాళ్ళు చాపుకుని కూర్చున్నాయి. ఒక్కటి కిందికి దిగితే పిన్నికి చోటొస్తుంది. సత్యవేణి తేనెరంగు గద్వాల మీద చెయ్యి వేస్తుంది. అది కట్టి చాలా ఏళ్ళయింది. కానీ అంచు ఎంత బావుందో. ఆకుపచ్చ ధర్మవరం కూతురి పెళ్ళికి కావాలి. బూడిదరంగుది తనకు నప్పదు, అయినా దాన్ని వదిన అడిగింది కాబట్టి ఇవ్వబుద్ధి కాదు. నీలంరంగుది పట్టుకోగానే అది ఆమె మణికట్టుకి చుట్టుకుని, "నేనేం చేశాను?" అంటుంది. పాపం అనిపించి దాన్నీ లోపల పెట్టేస్తుంది.

"వాటినేం కదపకే. నాకిక్కడ బానే ఉంది. నలుగురూ ఉన్నారు," అంటుంది పిన్ని కింది అరలోంచి.

నిజమే, నలుగురూ ఉన్నారు. పిన్ని కింద సత్యవేణి మేనత్త, ఆవిడ కింద పాత ఇంటి పక్కావిడ, మడతల్లోంచే మెల్లగా కబుర్లు చెప్పుకుంటున్నారు. సత్యవేణికి చెవులు వేడెక్కుతాయి. పెంచిన మనిషికి ఒక్క చీర జాగా ఇవ్వడానికి చెయ్యి రావడం లేదు. ఇది ఎవరికి చెప్పుకుంటుంది?

అప్పుడే కస్తూరి గదిలోకి వస్తుంది. కస్తూరి సత్యవేణి భర్తకి అక్క. ఏ శుభకార్యమైనా పెట్టుబళ్ళ పెత్తనం ఆవిడదే.

"ఏవిటే, ఇంకా తేల్లేదా? అవతల వియ్యపురాలు మూడోసారి గడియారం చూసుకుంది," అంటూ కింది అరలో చెయ్యి పెడుతుంది. మేనత్తని నొక్కుతుంది, పెదవి విరుస్తుంది. పిన్నిని నొక్కుతుంది. "ఇదేదో మెత్తగా ఉందే! ఎవరు పెట్టారు?"

కవరులోంచి పిన్ని సత్యవేణి వైపు చూస్తుంది. సత్యవేణి కవరు మీది మెరుపు వైపు చూస్తుంది. మా పిన్ని అని చెబితే, మరి కింది అరలో ఎందుకుందని వదిన అడుగుతుంది.

"ఎవరో పెట్టార్లే వదినా. గుర్తులేదు," అంటుంది సత్యవేణి.

పిన్ని కళ్ళు మూసుకుంటుంది.

కస్తూరి పిన్నిని వెండిపళ్ళెంలో పెట్టి, పైన తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్ళు సర్ది, హాల్లోకి పట్టుకుపోతుంది. సత్యవేణి తలుపు దగ్గరే నిలబడిపోతుంది. ఒక్క మాట అంటే చాలు, పళ్ళెం ఆగుతుంది. ఆ మాట రాదు. తనమీద తనకే రోత పుడుతుంది.

"ఎందుకండీ ఇవన్నీ," అంటుంది వియ్యపురాలు. బొట్టు పెట్టించుకుని, పిన్నిని ఒడిలోకి తీసుకుని, బొటనవేలితో నొక్కుతుంది. వెంటనే పక్క కుర్చీ వైపు తిరిగి, ఆవిడకి బొట్టు పెట్టి, పిన్నిని ఆవిడ చేతిలో పెడుతుంది. ఆవిడా "ఎందుకండీ ఇవన్నీ" అని నొక్కుతుంది, పక్కావిడకి పెడుతుంది.

పిన్ని కుర్చీ నుంచి కుర్చీకి పోతోంది. హాలు ఆమెకి దారి ఇస్తూ పొడుగవుతోంది. కుర్చీల వరస గుమ్మం దాటి, మెట్లు దిగి, బజారు మీదుగా కాలవగట్టు ఎక్కుతుంది. ప్రతి కుర్చీలోనూ ఒకావిడ, కుంకుమభరిణె పట్టుకుని సిద్ధంగా ఉంది. సత్యవేణి చెప్పులు లేకుండా ఆ వరస వెంబడి నడుస్తుంది, తర్వాత పరిగెత్తుతుంది.

"ఇప్పుడే పెట్టేశానండీ," అంటారు, ఎవరిని అడిగినా.

గట్టు మీద ముందుకి పోయేకొద్దీ కుర్చీల్లో ఆడవాళ్ళు పాతకాలం చీరల్లో ఉన్నారు. మొదట సింథటిక్కులు, తర్వాత నైలెక్సులు, ఆ తర్వాత వాయిల్ చీరలు. పిన్ని వెంబడే పోతున్న పళ్ళెంలో అరటిపళ్ళు మెల్లగా కాయలవుతున్నాయి. సత్యవేణికి ఆయాసం వస్తోంది గానీ ఆగదు.

చివరి కుర్చీ ఒక లంకదిబ్బ దగ్గర నీళ్ళలో ఉంది. అందులో కూర్చున్నావిడ పాదాలు తడవకుండా మఠం వేసుకుంది. పిన్ని ఆవిడ ఒడిలో ఉంది. ఆవిడ పక్కన ఇంకెవరూ లేరు కాబట్టి, ఎవరికి పెట్టాలో తెలియక చూస్తోంది.

"అది నాకిచ్చెయ్యండి," అంటుంది సత్యవేణి.

"అయ్యో, మీకెలా ఇస్తానండీ? మీ ఇంట్లోంచి వచ్చిందే కదా. పెట్టినవాళ్ళకే తిప్పి పెడితే ఏం బావుంటుంది?"

సత్యవేణి మొహం మాడిపోతుంది.

"బావుండదండీ. నేను ఆ పని చేశాను."

"ఎవరికి?"

"ఆవిడకే. ఆవిడ మా పిన్నండీ. నన్ను పెంచింది. నాకోసం ఫాల్ కుట్టి తెచ్చిన చీర విప్పనైనా విప్పకుండా ఆవిడకే తిరిగి పెట్టాను. ఇందాక మా వదిన అడిగితే, ఎవరో అన్నాను."

ఆ మాట చివరి కుర్చీ నుంచి దాని ముందు కుర్చీకి, అక్కడినుంచి ఇంకో కుర్చీకి, బొట్టు పెట్టించుకుంటూ వెనక్కి పోతుంది. కాలవగట్టంతా పోయి, బజారు దాటి, ఇంట్లోకి పోతుంది. ఎక్కడో దూరంగా కస్తూరి "ఆఁ?" అనడం వినిపిస్తుంది. సత్యవేణి పమిటకొంగుతో మొహం కప్పుకోవాలనుకుని, కప్పుకోదు.

"పోనీ ఇప్పుడైనా విప్పారా?" అంటుంది కుర్చీలో ఆవిడ.

"లేదండీ."

"అయితే విప్పండి. విప్పింది ఇంకెవరికీ పెట్టడానికి పనికిరాదు. మీదగ్గరే ఉంచుకోవాలి."

సత్యవేణి నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని కవరు తీస్తుంది. మొదటి మడత విప్పితే మిషను నూనె వాసన. రెండో మడతలో వాన పడుతోంది, ఎవరో గిన్నెలు వరండాలో చూరు కింద పెడుతున్నారు. ఇంకా విప్పుతుంది. పిన్ని పొడుగుకి అంతు లేదు, గట్టు మీద పరుచుకుంటూ, కొబ్బరితోటల మీదుగా పోతోంది. ఇంత మనిషిని అంత చిన్న కవరులో ఎలా పెట్టానని సత్యవేణికి ఏడుపొస్తుంది.

చివరి మడత లోపల పాలకొల్లు వరండా ఉంది. వయసులో ఉన్న పిన్ని మిషను ముందు కూర్చుని ఉంది. పక్కన ఒక పిల్ల, ఒక జడ వేసి, ఇంకో జడ విప్పి ఉన్న పిల్ల, పసుపురంగు గౌనులో నిలబడి ఉంది. ఆ పిల్ల సత్యవేణి.

"ఎవరు పిన్నీ ఈవిడ?" అంటుంది పిల్ల.

పిన్ని తలెత్తి చూస్తుంది. చాలాసేపు చూస్తుంది. కోపం లేదు, మురిపెం లేదు. గుమ్మంలోకి వచ్చిన ఎవరినైనా చూసినట్టే చూస్తుంది.

"ఎవరో చుట్టాలావిడే. బొట్టు పెట్టి పంపిద్దాం."

నేనే పిన్నీ అనాలని సత్యవేణికి ఉంది. ఏ మొహం పెట్టుకుని అంటుంది?

"ఏం పెడదాం మరి?" అంటుంది పిల్ల.

"నీకు నచ్చింది పెట్టు."

"నచ్చింది పెట్టేస్తే మనకో?"

"నచ్చంది ఎలా పెడతావే, పిచ్చిదానా?"

పిల్ల కాసేపు ఆలోచిస్తుంది. తర్వాత చేతులు వెనక్కి పెట్టి, బొత్తాలు తీసుకుని, ఒంటిమీది గౌను విప్పేస్తుంది. లోపలి గౌనుతో మునివేళ్ళ మీద లేచి సత్యవేణికి బొట్టు పెట్టి, గౌను చేతికిస్తుంది. గౌను ఇంకా వెచ్చగా ఉంది. సత్యవేణి బొటనవేలు అలవాటుగా లేస్తుంది. దాన్ని ఆమె మిగతా వేళ్ళ కింద దాచేస్తుంది.

ఇది పై అరలోకీ పోదు, కింది అరలోకీ పోదు. ఆమె దాన్ని అక్కడే తొడుక్కుంటుంది. భుజాలు సరిపోతాయి, చేతులు సరిపోతాయి. బొత్తాలు మాత్రం వీపు వైపు ఉన్నాయి. ఆమె వెనక్కి తిరిగి నిలబడుతుంది. పిన్ని మిషను ఆపి లేచి వస్తుంది.

"కదలకండమ్మా," అంటుంది పిన్ని, పరాయివాళ్ళతో మాట్లాడే మర్యాదతో.

ఒక బొత్తం పెడుతుంది. పెట్టగానే సత్యవేణి కొంచెం పొడుగవుతుంది, దానిపైన ఇంకో బొత్తం మొలుస్తుంది. అదీ పెడుతుంది. పిన్ని ముక్కాలిపీట తెచ్చుకుంటుంది, తర్వాత నిచ్చెన వేసుకుంటుంది. సత్యవేణి తల కొబ్బరిమట్టల్లోంచి పైకి వస్తుంది. అక్కడినుంచి తణుకు దాకా కనిపిస్తోంది, కుర్చీల్లో ఆడవాళ్ళందరూ లేచి నిలబడి ఆమెనే చూస్తున్నారు. దాక్కోవడానికి ఎక్కడా చోటు లేదు.

"ఇంతకీ తమరి పేరేంటమ్మా?" పిన్ని గొంతు కింద ఎక్కడినుంచో సన్నగా వస్తుంది.

సత్యవేణి పేరు చెప్పడానికి నోరు తెరుస్తుంది. నోట్లోంచి పేరుకి బదులు పసుపురంగు బొత్తాలు ఒక్కొక్కటే రాలి కాలవ వైపు పడుతున్నాయి. కింద ఆ పిల్ల లోపలి గౌను ఒడిపట్టి, ఒక్కటీ నీళ్ళలో పడకుండా అటూ ఇటూ పరిగెత్తుతూ పట్టుకుంటోంది.