కుక్కకు పడనిది

కుక్క ఒళ్లంతా గోక్కుని పుళ్లు చేసుకుంటుంటే, అత్తగారి అనుమానం ముందు కోడలి తలనూనె మీద పడింది. సీసా చెత్తబుట్టలోకి పోయింది. దురద తగ్గలేదు. కోడలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఉన్ని దుప్పటి అటకెక్కింది, ఆమె ముచ్చటపడి పెంచుకున్న పూలకుండీలు వీధిన పడ్డాయి. అయినా తగ్గలేదు. మొగుడు ఫోనులోంచి తలెత్తలేదు.

ఇక మిగిలింది తనేనని అర్థమై, కోడలు కుక్కను తనే డాక్టరు దగ్గరకు లాక్కెళ్లింది.

"రోజూ ఏం పెడతారు?" అన్నాడు డాక్టరు.

"కోడిమాంసమండీ. మా అత్తగారే ఉడికించి, చేత్తో తినిపిస్తారు."

"అది పూర్తిగా మానేసి చూడండి."

మానేశారు. పుళ్లు మానాయి, దురద పోయింది. డాక్టరు చెప్పాడని మళ్లీ ఒక్క ముక్క పెట్టి చూస్తే, మర్నాటికి గోకుడు మొదలైంది. ఇక అనుమానమే లేదు.

"అయితే నా దుప్పటి దించుకోనా అత్తయ్యా?"

అత్తగారు కుక్క తల నిమిరింది. "ఏంటమ్మా నీ తొందర? పాపం, ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది. నీ దుప్పటి పడుతుందని ఏంటి నమ్మకం?"

మొగుడు ఇన్నాళ్లకు తలెత్తాడు.

"అమ్మ చెప్పిందీ నిజమేగా," అన్నాడు.